అత్యవసరమైతే తప్ప

ఏప్రిల్ 9

చిరంజీవి డాక్టరమ్మకి,

ఇందుమూలంగా యావన్మంది బంధుజనులకు తెలియజేయడమేమనగా: మా వంటగది పంపు కారుతున్న సంగతిని నేటి ఉదయం నుంచి అధికారికంగా గుర్తించడమైనది. నా ఎడమ కాలి చెప్పు అదృశ్యంపై విచారణ కొనసాగుతున్నది. ఎదురింటి కుక్క మీద అనుమానం బలపడుతున్నది. తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు గడ్డం గీసుకోవడం రద్దు. ఈ విషయమై మీ అత్తయ్య జారీ చేసిన ఆదేశాలు చెల్లవు.

కంగారు పడకు, పిచ్చెక్కలేదు. రోజంతా మైకు బండిలో కూర్చుని ఇదే భాషలో అరిచి అరిచి, ఇంటికొచ్చాక నాలుక తిన్నగా తిరగడం లేదు. నిన్న మీ అత్తయ్యని టీ అడగబోయి "గృహిణులకు విజ్ఞప్తి" అన్నాను. గరిటె విసిరింది.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావా? ఫోన్లో నేను రెండో మాటకి రాకముందే "డ్యూటీ, మామయ్యా" అని కట్ చేస్తావు. ఉత్తరాన్ని కట్ చేసే మీట ఇంకా కనిపెట్టలేదు. పైగా ఈ లాక్‌డౌన్‌లో ఊరంతా తలుపులు బిడాయించుకుంటే రోడ్ల మీద తిరిగేది ఇద్దరమే, నేనూ పోస్టుమానూ. అతనికి కాస్త పని కల్పించడం నా ధర్మం.

నా పని సంగతి విను. పైనుంచి నాకొక కాగితం వచ్చింది: "ప్రజలు ఇళ్లలోనే ఉండవలెను. అత్యవసరమైతే తప్ప ఆస్పత్రికి రావద్దు." రాసినవాడు నిద్రలో రాసినట్టున్నాడు, దానిలో ప్రాణం లేదు. ప్రాణం నేను పోశాను. "అత్యవసరమైతే" దగ్గర గొంతుని బావిలోకి దించుతాను, "తప్ప" దగ్గర కొరడా ఝళిపిస్తాను. కిటికీ తెరిచినవాడు టక్కున మూసేస్తాడు. దగ్గు వస్తున్నవాడు దగ్గు మింగేస్తాడు. నీ చదువంతా కలిపినా నా "తప్ప"కి సాటి రాదు.

మీ అమ్మ వీడియో కాల్లో దొరికిన ప్రతివాళ్లకీ "మా అమ్మాయి పిల్లల ఎమర్జెన్సీ" అని చెబుతోంది. ఎమర్జెన్సీ అంటే ఏదో పెద్ద హోదా అనుకుంటోంది అక్క. నా అనుమానం వేరు. బళ్లు లేవు, ఆటలు లేవు, గోడలెక్కి కిందపడే వెధవలు లేరు. మరి అక్కడ మీరంతా ఏం వెలగబెడుతున్నట్టు? ఈగలకి బీపీ చూస్తున్నారా?

మాస్కు గడ్డానికి పెట్టుకుని,
నీ మేనమామ

*

ఏప్రిల్ 22

మైకు మామయ్యకి,

ఉత్తరం అందింది. శానిటైజర్ కొట్టి చదివితే రెండో పేజీ అలికిపోయింది. నష్టమేమీ జరగలేదని నా నమ్మకం.

ఈగలు కూడా రావడం లేదు. మా వార్డు గోడ మీద ఒక ఏనుగు బొమ్మ ఉంటుంది. పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి పొడవు చూస్తాం. ఇప్పుడు దాని తొండం మీద దుమ్ము. చిన్న చిన్న ఆక్సిజన్ మాస్కులు కవర్లు విప్పకుండా అలాగే ఉన్నాయి. సిస్టర్ మడతపెట్టిన గుడ్డల్నే విప్పి మళ్లీ మడతపెడుతోంది. పోయినేడు ఈ పాటికి బటాణీ ముక్కులో దూర్చుకున్నదీ, నాణెం మింగినవాడూ, ఆయాసంతో ఎగరొప్పుతున్నవాళ్లూ, కాలు మోపే సందు ఉండేది కాదు. అప్పుడు మేం జూనియర్లం, వెనక నిలబడి చూసేవాళ్లం. "వచ్చే ఏడు మీ చేతుల్తోనే" అన్నారు. ఆ వచ్చే ఏడు ఇదే.

ఆయాసం పిల్లల్ని వరసపెట్టి చూస్తూ పోతే ఏదో ఒక రోజుకి కడుపులోనే తెలిసిపోతుందట, వీడు నిలబడతాడా, జారిపోతున్నాడా అని. మా సీనియరక్క చెప్పేది. ఆ అక్కని పెద్దల వార్డుకి లాక్కుపోయారు. అక్కడ ఊపిరాడని ముసలాళ్లని బోర్లా తిప్పుతోంది. నా కడుపుకి మాత్రం ఆకలి తప్ప ఏమీ తెలియడం లేదు.

మాకు పాఠాలు లేవనుకునేవు. ఉన్నాయి. సార్ ఇంట్లోంచి లాప్‌టాప్‌లో చెబుతారు. కెమెరా ఎటు తిప్పాలో ఆయనకి ఇంతవరకూ తెలీదు. ఒక సీలింగ్ ఫ్యానూ సగం నుదురూ కలిసి మాకు పిల్లల వైద్యం నేర్పుతున్నాయి. "బిడ్డ మొహం చూడగానే మీకు అర్థమైపోవాలి" అంటుంది నుదురు. ఎవరి మొహం?

గుండుగాడి సంగతి నీకు తెలుసుగా. ఈ వారం కూడా నా చేతిలోనే పోయాడు. పెదాలు నీలం తిరిగాయి, నేను గొట్టం పక్కదారిలో పెట్టాను, అంతే. సార్ "ఫర్వాలేదమ్మా, వచ్చే వారం చూద్దాం" అన్నారు. తరవాత అందరం టీ తాగాం. వాణ్ని తుడిచి బీరువాలో పెట్టే పని కూడా నా నెత్తినే పడింది.

డ్యూటీ ఉందని అబద్ధం చెప్పి ముగిస్తూ,
నీ మేనకోడలు

*

మే 3

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివాక కాళ్లూ చేతులూ ఆడలేదు. అందుకే ఇంత ఆలస్యం. ఈసారి పంపు సంగతీ చెప్పు సంగతీ రాయను.

ఆ పసివాడి తల్లి ఎక్కడుంది? ఆవిడకి ఎవరు చెప్పారు? నువ్వేనా, ఆ నుదురా? ఒక ప్రాణం పోయాక టీ ఎలా దిగిందే మీ గొంతుల్లోకి? "వచ్చే వారం చూద్దాం" అంటాడా ఆ పెద్దమనిషి! పోయినవాణ్ని వచ్చే వారం ఏం చూస్తాడట? అదీ వదిలెయ్. "ఈ వారం కూడా" అన్నావు. ఆ "కూడా" దగ్గర నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒక మనిషి వారానికోసారి ఎలా పోతాడు? ఎంత తలబద్దలు కొట్టుకున్నా నాకు ఒకటే తోచింది: వచ్చిన ప్రతి పిల్లాడికీ గుండుగాడని పేరు తగిలించేస్తున్నారు, జైల్లో నంబర్లలాగ. పేరు పెట్టి పిలిస్తే బాధేస్తుందని కాబోలు. చదువుకున్నవాళ్ల తెలివి ఇలాగే తగలడుతుంది.

బీరువాలో పెట్టావట. బీరువాలో! అందులో తాళంచెవులూ దుప్పట్లూ పెడతారే మనుషులు!

ఈ ముక్క మీ అమ్మకి చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్పి ఉండాల్సింది కాదు. ఇప్పుడు అక్క, ఎవరైనా నీ గురించి అడిగితే ఎమర్జెన్సీ ఊసెత్తకుండా "బాగానే ఉంది" అని మాట మార్చేస్తోంది. బావ సంగతి నీకు తెలుసుగా, బాధేసినా ఆనందమేసినా అర్జీ రాస్తాడు. మీ సార్‌కి రాసి పంపాడు. కడిగి పారేశాడు. నేనూ రెండు వాక్యాలు అందించాను.

నీ మీద కోపం లేదని మీ అమ్మ రాయమంది. నాకుంది.

మేనమామ

*

మే 13

మామయ్యా,

గుండుగాడు బొమ్మ.

రబ్బరు బొమ్మ. తల మీద వెంట్రుక లేదు కాబట్టి గుండుగాడు. లోపల మోటారు ఉంటుంది, ఛాతీ లేచి దిగుతుంది. పెదాల వెనక నీలం బల్బు ఉంటుంది, మేం తప్పు చేస్తే వెలుగుతుంది. అసలు పిల్లలు రావడం లేదని దాని మీద నేర్పుతున్నారు. పాఠం అయ్యాక తుడిచి బీరువాలో పెడతాం. బొమ్మల్ని బీరువాలోనే పెడతారు. ఫోన్లో నీకు ఎన్నిసార్లు చెప్పాను! నువ్వు వినవు. అవతలివాళ్లు మాట్లాడుతుంటే నీ తరవాతి జోకు వెతుక్కుంటూ ఉంటావు.

నాన్న అర్జీని సార్ క్లాసులో అందరి ముందూ చదివారు. "చిరంజీవి గుండు అకాల మరణం మా కుటుంబాన్ని కలచివేసినది. మృతదేహాలను బీరువాలో ఉంచు పద్ధతిని తక్షణమే నిలిపివేయవలెను." ఆ రెండో వాక్యం నీదేనని నాకు తెలుసు, "తక్షణమే" దగ్గర మైకు వినబడింది. అందరూ స్క్రీన్ల మీద పడి పడి నవ్వారు. ఆ రోజే మొట్టమొదటిసారి సార్ మొహం పూర్తిగా కనిపించింది. నవ్వి నవ్వి కిందకి వంగారు. ఇప్పుడు వార్డులో నా పేరు "గుండు వాళ్లమ్మ".

నవ్వేశావా? ఇప్పుడు అసలు ముక్క చదువు. జులై నుంచి నన్ను వార్డులో ఒంటరి డ్యూటీకి వేశారు. సీనియర్లు సగంమంది జబ్బుపడ్డారు, మిగతావాళ్లు పెద్దల వార్డుల్లో. కాగితం మీద నా శిక్షణ పూర్తయింది. ఊపిరాడని అసలు పిల్లాణ్ని నేను దగ్గర్నుంచి చూసింది ఒక్కసారి. అప్పుడు కూడా పని సీనియరక్క చేసింది. నేను టార్చిలైటు పట్టుకున్నాను. బాగా పట్టుకున్నావని మెచ్చుకుంది.

పిల్లలు ఎందుకు రావడం లేదో కూడా తెలిసింది. పోయిన వారం ఒకావిడ కొడుకుని ఎత్తుకొచ్చింది. కడుపునొప్పి మొదలై చాలా రోజులైంది, లోపల పేగు చితికిపోయింది. ఎలాగో దక్కాడు. ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా అని సిస్టర్ గదమాయిస్తే ఆవిడ అంది, "మైకులో అత్యవసరమైతే తప్ప రావద్దన్నారండీ. ఇది అత్యవసరమో కాదో మాకేం తెలుసు? తెలిస్తే మేమే డాక్టర్లం కదా."

నీ "తప్ప"కి నా చదువు సాటి రాదన్నావు. నిజమే. అది మహా గట్టిగా పనిచేస్తోంది.

గుండు వాళ్లమ్మ

*

మే 20

గుండు వాళ్లమ్మకి,

ప్రజలకు ముఖ్య గమనిక! పట్టణంలోని పెద్దాసుపత్రిలో రబ్బరు మీద చదువుకున్న డాక్టర్లు సిద్ధంగా ఉన్నారు. రబ్బరు పిల్లలున్నవారు మాత్రమే వచ్చి వినియోగించుకోవలెను. రక్తమాంసాలతో చేసిన పిల్లల్ని తెచ్చినచో యాజమాన్యం బాధ్యత వహించదు. టార్చిలైటు ఉచితం!

ఎలా ఉంది? రేపు ఇదే చదువుతాను వీధుల్లో.

నన్నంటావా? కాగితం రాసింది నేనా? ఆఫీసులో పైవాడు రాశాడు, నేను చదివాను. గొంతు బాగుండటం కూడా నా తప్పేనా? నీ వార్డు ఖాళీగా ఉందంటే దానికి నేను దొరికాను. మహమ్మారి దొరకలేదు, పైవాడు దొరకలేదు, సీలింగ్ ఫ్యాను సార్ దొరకలేదు. మేనమామ దొరికాడు, చవగ్గా.

నీలం బల్బు వెలగకుండా చూసుకోవడం చేతకాలేదు నీకు. మోటారుతో ఊపిరి పీల్చే బొమ్మని, కరెంటు మీద బతికే బొమ్మని, ఒక్క వారమైనా బతికించలేకపోయావు. ముందు ఆ పని చూడు. తరవాత మైకుల సంగతి మాట్లాడుదువుగాని.

నవ్వేశావా అన్నావు. నవ్వాను. మీ అత్తయ్య నవ్వలేదు, ఆవిడ నవ్వే మనిషి కాదు.

మైకువాడు

*

జూన్ 3

మామయ్యకి,

నువ్వు అన్నది నిజం. బొమ్మని బతికించలేనిదాన్ని.

చర్మవ్యాధుల విభాగంలో ఒక సీటు ఖాళీ ఉంది. అక్కడికి మార్చమని అర్జీ రాసి సంతకం పెట్టి సొరుగులో ఉంచాను. ఈ నెలాఖరులోగా ఇచ్చేస్తాను. అక్కడ పిల్లలకి దురద వస్తుంది, పోతుంది. ఎవరూ నీలం తిరగరు. సార్‌కి ఇంకా తెలియదు. తెలిస్తే ఫర్వాలేదమ్మా అంటారు. ఆయన దేనికైనా అదే అంటారు.

అమ్మకి చెప్పకు. ఈసారైనా.

ఉంటాను.

*

జూన్ 11

అమ్మాయ్,

"నీ" లేదు, "మేనకోడలు" లేదు, వట్టి "ఉంటాను". ఇంత పొదుపు ఎప్పుడు నేర్చుకున్నావు?

క్షమాపణ కోసం ఈ ఉత్తరంలో వెతక్కు, దొరకదు. చర్మం డాక్టరువి అవుతానంటే నాకేం అభ్యంతరం? నా వీపు మీద ఎప్పట్నుంచో ఒక మచ్చ ఉంది, ఇంట్లోనే చూపించుకుంటాను. కాని వెళ్లేముందు ఒక సంగతి విను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్తే నా పరువు పోతుంది కాబట్టి చెప్పలేదు.

నీకు ఏడాదిన్నర వయసప్పుడు జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చింది. ఆ సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. బావ ఊళ్లో లేడు, ఇంట్లో మగదిక్కుని నేనే. నిన్ను భుజాన వేసుకుని పరుగెత్తాను. అక్క వెనకాల. నీ కళ్లు తేలిపోయాయి, ఒళ్లు కర్రలా బిగుసుకుంది. దారిలో చెప్పు ఎక్కడో జారిపోయింది. ఎడమదే. నా ఎడమ చెప్పులకి ఏదో శాపం ఉంది.

ఆస్పత్రిలో అక్కని బయట ఆపి నన్ను లోపలికి రమ్మన్నారు. అక్కడ డాక్టరంటూ ఒక పిల్ల నిలబడింది. పుల్లలాంటి మనిషి, మొహం నిండా కళ్లద్దాలు. దాని చేతులు వణుకుతున్నాయే! నా కళ్లారా చూశాను. జేబులోంచి ఒక అట్టముక్క తీసి, దాని మీద ఉన్నది పైకి చదవడం మొదలుపెట్టింది. "పక్కకి తిప్పండి. ఆక్సిజన్ పెట్టండి. షుగరు చూడండి. బరువెంత?" ఒక్కో ముక్కా చదవడం, సిస్టర్ అదే ముక్క తిరిగి చెప్పి చెయ్యడం. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమ్మా, కాపీ కొడుతున్నావా? ఇదేమన్నా పరీక్షా? చదువొచ్చిన డాక్టర్ని పిలువు" అని అరిచాను. మైకు లేకుండానే.

ఆ పిల్ల నా వైపు తిరగలేదు. అట్టముక్క మీంచి కళ్లు తీయకుండానే అంది, "అవునండీ, చూసే చేస్తాను. గుర్తుందనుకుని చేసి తప్పు చేస్తే మీకు సమ్మతమేనా?"

నా జీవితంలో నా నోరు మూయించిన ఆడవాళ్లలో మీ అత్తయ్య తరవాత ఆ పిల్లే. దాని చేతి వణుకు చివరిదాకా ఆగలేదు. పని కూడా ఆగలేదు. నువ్వు ఏడవడం మొదలుపెట్టావు, ఇప్పటికీ ఆపలేదు.

అంతే సంగతి. దీన్నిబట్టి ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

ఇక నా మైకు. నీ మాట విని మాత్రం కాదు, నాకే విసుగేసి, మొన్న కాగితంలో లేని ముక్క కలిపాను. "పిల్లాడు ఎగరొప్పుతుంటే అది అత్యవసరం. ఫిట్స్ వస్తే అత్యవసరం. పాలు తాగక, కళ్లు తెరవక మగతగా పడి ఉంటే అత్యవసరం. మీకు అనుమానం వచ్చిందా, అదే అత్యవసరం. వెంటనే రండి, గాడిదల్లారా!" చివరి మాట నాది, మిగతావన్నీ నీ ఉత్తరాల్లోంచీ మా వీధి నర్సమ్మ దగ్గర్నుంచీ ఎత్తుకున్నవి. రెండు వీధులు తిరిగానో లేదో పైవాడు బండిని ఆపాడు. కాగితంలో లేనిది ఎలా చదువుతావన్నాడు. నా దగ్గర మైకు లాగేసుకుని, బండిలో రికార్డు పెట్టి తిప్పుతున్నారు. ఆ రికార్డులో గొంతు ఎవరిదనుకున్నావు? నాదే. పాతది. పొద్దున్నే లేచి నా కిటికీ దగ్గర కూర్చుంటే, నేను నన్నే ఆస్పత్రికి రావద్దంటున్నాను.

మైకు లేని మైకు మామయ్య

*

జులై 9

మామయ్యా,

అర్జీ చించేశాను. చెప్తా విను, మధ్యలో జోకు వెతుక్కోకు.

ఒంటరి డ్యూటీ మొదలైన వారంలోనే, మధ్యాహ్నం, సిస్టర్ అన్నం డబ్బా మూత తీస్తుండగా ఒకాయన పాపని పట్టుకుని దూసుకొచ్చాడు. మూడేళ్లుంటాయేమో. ఫిట్స్. ఇంటి దగ్గర మొదలైందట, ఇంకా ఆగలేదు. "అత్యవసరమేనా అండీ, తీసుకురావచ్చా అండీ" అని గుమ్మంలో అడుగుతున్నాడు మామయ్యా! బిడ్డ చేతుల్లో కొట్టుకుంటుంటే, అనుమతి అడుగుతున్నాడు!

నేను కదల్లేదు. నిజం చెబుతున్నాను. గుండుగాడు ఎప్పుడూ ఇలా చేయలేదు. వాడికి నురగ రాదు. వాడి పళ్లు కరుచుకోవు. వాడి వెనక ఒక తండ్రి నిలబడి "చూడండి, చూడండి" అనడు. నాకు ఫ్యానూ సగం నుదురూ గుర్తొచ్చాయి, అంతకుమించి ఒక్క ముక్క గుర్తు రాలేదు. పీపీఈ సూట్ లోపల చెమట, మొహం ముందున్న అద్దం మీద ఆవిరి, చేతుల్లో వణుకు.

వణుకు చూసుకోగానే నీ పుల్లలాంటి డాక్టరమ్మ గుర్తొచ్చింది. మా గోడకి మందుల అట్ట ఒకటి వేలాడుతూ ఉంటుంది. పీకి చేతిలోకి తీసుకున్నాను. పైకి చదివాను. "పక్కకి తిప్పండి." సిస్టర్ "తిప్పాను" అంది. "ఆక్సిజన్." "పెట్టాను." పాప పక్కన టేపు పరిచి పొడవునిబట్టి బరువు చూశాం. ఆ బరువుకి ఎంత మందో చదివాను, సిస్టర్ తిరిగి చెప్పింది. "ఎంతన్నారు? మళ్లీ చెప్పండి" అంది. చూస్తే నేను పై వరసలోది, పెద్ద పిల్లలది చదివాను. చూడకుండా నోటికి వచ్చింది చెప్పి ఉంటే, ఆవిడ తిరిగి అడగకపోయి ఉంటే, ఆ మాట ఇక్కడ రాయను.

అప్పుడు తండ్రి అరిచాడు. అచ్చం నీలాగే. "ఏంటమ్మా, చూసి చేస్తున్నావు! పెద్ద డాక్టరు లేరా?" నేను అట్ట మీంచి కళ్లు తీయలేదు. "అవునండీ, చూసే చేస్తాను. గుర్తుందనుకుని చేసి తప్పు చేస్తే మీకు సమ్మతమేనా?" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినబడింది.

మొదటిసారి మందుకి ఆగలేదు. మళ్లీ చదివాం, మళ్లీ ఇచ్చాం. ఆగింది. కాసేపటికి పాప కళ్లు తెరిచి, నన్ను ఆ సూట్‌లో చూసి దయ్యమనుకుని ఆరున్నొక్క రాగం ఎత్తుకుని నా మీద ఉచ్చపోసింది. గుండుగాడు ఎప్పుడైనా పోశాడా? లేదు. సిస్టర్ "శిక్షణ పూర్తయింది" అంది.

ఆవిడా నేనూ కలిసి ఇప్పుడు వార్డులో ఒక పద్ధతి పెట్టాం. ఎవరైనా, ఎంత తెలిసినవాళ్లయినా, చూసి పైకి చదవాలి, రెండోవాళ్లు తిరిగి చెప్పాలి. నీ కథ మొత్తం క్లాసులో చెప్పాను. నా జూనియర్లు "కళ్లద్దాల మేడమ్ పద్ధతి" అంటున్నారు. సార్ ఎంత కదిలిపోయారంటే కెమెరాలోకి రెండు కళ్లూ వచ్చాయి. ఆవిడ ఎవరో కనుక్కోమన్నారు. ఎక్కడున్నా వెతికి క్లాసుకి పిలిచి మాట్లాడిస్తారట. పేరు గుర్తుందా? ఏ ఆస్పత్రి? అమ్మని అడిగితే "నన్ను బయట ఆపేశారుగా, లోపల ఏం జరిగిందో మీ మామయ్యకే తెలుసు" అని నవ్వుతోంది. ఎందుకు నవ్వుతోందో చెప్పడం లేదు.

తొందరగా రాయి. సార్ రోజూ అడుగుతున్నారు.

నీ మేనకోడలు
(గుండుగాడు క్షేమం. ఈ వారం పోలేదు.)

*

జులై 17

మహారాజశ్రీ డాక్టరమ్మగారికి,

ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: వంటగది పంపు కారడం దానంతటదే ఆగిపోయినది. మరమ్మతు చేసింది తానేనని మీ అత్తయ్య చేసుకుంటున్న ప్రచారాన్ని ఖండించడమైనది. ఎడమ చెప్పు ఎదురింటి కుక్క దగ్గరే దొరికినది; దాని పిల్లలు అందులో పడుకుంటున్నందున స్వాధీనం చేసుకునే చర్యను వాయిదా వేయడమైనది. గడ్డం యథాతథం.

రికార్డు బండి సంగతికి కూడా ఒక దారి దొరికింది. అది వీధిలోకి రాగానే నేను సైకిలేసుకుని వెనకే పోతున్నాను. అది "అత్యవసరమైతే తప్ప ఆస్పత్రికి రావద్దు" అనగానే, నేను పక్కనుంచి మిగతాది అరుస్తున్నాను. గాడిదల్లారాతో సహా. నా గొంతుకి నా గొంతే జవాబు చెబుతుంటే జనం కిటికీలు తెరిచి చూస్తున్నారు. పైవాడు నన్ను ఏం చేస్తాడు? మైకు లాక్కున్నాడు, నోరు లాక్కోలేడుగా. నిన్న ఒకావిడ "బాబూ, పసిదానికి పొద్దుటి నుంచీ పాలు పట్టడం లేదు" అని గుమ్మంలోకి వచ్చి అడిగింది. "నన్నడుగుతావేంటమ్మా, బయల్దేరు" అన్నాను. బయల్దేరింది.

ఇక మీ సార్ ముచ్చట. ఇన్ని నెలలూ సీలింగ్ చూపించిన మనిషికి ఇప్పుడు కళ్లద్దాల మేడమ్ మొహం చూడాలని ఉందా? నేర్పాల్సిన రోజుల్లో ఫర్వాలేదమ్మా అన్నాడు. నేర్చుకున్నాక సన్మానానికి తయారయ్యాడు. ఇలాంటివాళ్లకి రబ్బరు శిష్యులే సరి. ఆ సిస్టర్‌ని పిలిచి మాట్లాడించమను, "మళ్లీ చెప్పండి" అన్నది ఆవిడ కదా. ఆవిడని పిలవరు. ఆవిడ రోజూ కళ్ల ముందే ఉంటుంది కదా, అందుకని.

మీ అమ్మ ఎందుకు నవ్విందో రాస్తాను. కాస్త కూర్చుని చదువు.

నీకు ఫిట్స్ రావడం నిజం. నేను పరుగెత్తడం నిజం. ఎడమ చెప్పు పోవడం నిజం. లోపల ఉన్న డాక్టరు మాత్రం ఒక లావుపాటి ముసలాయన. ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకునే రెండో చేత్తో నీకు సూది వేశాడు. అట్ట లేదు, చదవడం లేదు, నా మొహమైనా చూడలేదు. నేనేమీ అరవలేదు కూడా. గోడకి ఆనుకుని వణుకుతూ నిలబడ్డాను. మీ అమ్మని ఎవరూ బయట ఆపలేదు, నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి బయటికి తెచ్చింది ఆవిడే. అందుకే నవ్వుతోంది.

ఆ పుల్లలాంటి పిల్లని జూన్ పదకొండున, నీ "ఉంటాను" ఎదురుగా పెట్టుకుని, నేను పుట్టించాను. కళ్లద్దాలు మా వీధి నర్సమ్మవి. చదవడం నా మైకుది. వణుకు నాదే, దానికి అంటించాను. సమ్మతమేనా అన్న ఆ మాట మాత్రం లోకంలో ఏ డాక్టరూ ఏ రోజూ నాతో అనలేదు.

నోరు తెరిచి ఆ మాట అన్నది మొట్టమొదట నువ్వే. సార్ పేరు అడిగితే ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

వీపు మచ్చ చూపించుకోవడానికి డాక్టరు లేకుండా పోయిన,
నీ మేనమామ